రాజరత్నం టాకీసులో ఏకాభిప్రాయం

రాజరత్నం టాకీసు ఎలా పోయిందని ఊళ్ళో అడిగితే తలా ఒక కారణం చెబుతారు. హాలుకి వీధిపోటు ఉందని ఒకళ్ళు, కోటయ్యకి నోటిదురుసు ఎక్కువని ఒకళ్ళు, ఇంగ్లీషు సినిమాలు మనకెందుకొచ్చిన గొడవని ఇంకొకళ్ళు. మద్దాల కోటయ్యనే అడిగితే మాత్రం ఒక్కటే పేరు చెబుతాడు. పశుపతిరావు. ఆ పేరు పలికే ముందు నోట్లో పొగాకు ఉమ్మేసి మరీ పలుకుతాడు, పొగాకుకి మైల అంటకూడదని.

పశుపతిరావు అంటే వీక్షకాభిప్రాయ క్రమబద్ధీకరణ మండలికి జిల్లా ఉపసంచాలకుడు. అలాంటి మండలి ఒకటి ఉందని ఆయన జీపు దిగేదాకా ఊళ్ళో ఎవరికీ తెలీదు. దిగాక దాన్ని మర్చిపోయి బతకడం ఎవరివల్లా కాలేదు.

సంగతేమిటంటే, ఎక్కడో ఏదో జిల్లాలో ఒక సినిమా బాగుందని ఒక రిక్షావాడు, బాగాలేదని ఇంకో రిక్షావాడు కిళ్ళీకొట్టు దగ్గర వాదించుకున్నారు. మాటా మాటా పెరిగి రెండు పేటలు కర్రలు తీశాయి. ప్రభుత్వం వారు కమిటీ వేశారు. కమిటీ వారు నాలుగు చల్లటి ఊళ్ళు తిరిగి, బాగా ఆలోచించి, తప్పు రిక్షావాళ్ళదీ కాదు, సినిమాదీ కాదు, అభిప్రాయాలు రెండు ఉండటమే అన్నిటికీ మూలమని కనిపెట్టారు. ఒకటే ఉంటే ఎవడు ఎవడితో కొట్టుకుంటాడు? దాంతో ఉత్తర్వు పుట్టింది. ఒక చిత్రమునకు ఒక ఊరియందు ఒకే అభిప్రాయము ఉండవలెను. దానిని ప్రేక్షకులు హాల్లోనే తేల్చుకొనవలెను. తేలేవరకు గేట్లు తెరవరాదు.

మొదటి ప్రయోగానికి ఊరు కావాల్సొచ్చింది. పెద్ద ఊళ్ళకి పెద్ద మనుషులు అడ్డుపడ్డారు. ఈ ఊరికి అడ్డుపడే పెద్దమనిషి లేడు. హాలు కూడా ఒక్కటే, రాజరత్నం టాకీసు.

ఆ హాలు కోటయ్య తల్లి పేరున ఉంది. రాజరత్నమ్మ రెండు గేదెలతో మొదలుపెట్టి, పాలు అమ్మి, పెరుగు అమ్మి, పిడకలు కూడా అమ్మి ఆ స్థలం కొన్నది. ఆవిడ సాయానికని కోటయ్య ఆరో తరగతిలో బడి మానేశాడు. ఆవిడ పోయాక స్థలంలో రేకుల హాలు లేపాడు. పెళ్ళాం నగలు కుదువపెట్టి సినిమా వేసే మిషను కొన్నాడు. నేల, బెంచీ, కుర్చీ అని మూడు క్లాసులు. వానొస్తే మాటలు వినపడవు, రేకులే వినపడతాయి. అయినా హాలంటే అదే, బతుకంటే అదే.

లైసెన్సు గడువు ఆ నెలాఖరుతో తీరిపోతోంది. మండలి ధ్రువపత్రం లేనిదే కొత్త లైసెన్సు లేదన్నారు. లైసెన్సు లేని హాలు మండలి స్వాధీనం అవుతుందన్నారు. "ఉత్తర్వుకి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టండి" అన్నారు. కోటయ్య పెట్టాడు. పెట్టకపోతే అసలు లైసెన్సు దరఖాస్తే తీసుకోం అన్నారు మరి.

తెలుగు సినిమాలతో పేచీ రాలేదు. అభిమాన సంఘం వాళ్ళు ముందు రెండు వరసలూ ఆక్రమించేవాళ్ళు. ఆట అవగానే పశుపతిరావు తెరముందు మైకు పట్టుకుని అడిగేవాడు. "సూపర్" అనేవాళ్ళు. వెనకాల ఎవడన్నా వేరేమాట అనబోతే రెండు వరసలూ ఒక్కసారి వెనక్కి తిరిగేవి. అంతే. ఏకాభిప్రాయం.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. ఒకరోజు పశుపతిరావు హాలు ఆఫీసుగదిలో కూర్చుని, కోటయ్య తెప్పించిన కాఫీ తాగుతూ నిట్టూర్చాడు.

"కోటయ్యగారూ, ఫలితములు సంతృప్తికరముగనే ఉన్నవి. కానీ ఇవన్నియు దేశీయ అభిప్రాయములు. అంతర్జాతీయ రంగమున మన స్థానమేమి?"

"మన స్థానం బస్టాండు వెనకే కదా సార్."

"హాస్యము వలదు. విదేశీ చిత్రము నొకదానిని ప్రదర్శించి, దానిపై ఏకాభిప్రాయము సాధించినచో, ఈ పథకము రాష్ట్రమంతటికీ విస్తరించును. నాకు సంచాలక పదవి లభించును. మీకు ధ్రువపత్రము లభించును."

"లేకపోతే?"

"లేకపోవుట అను విషయమై ఉత్తర్వులు లేవు."

అలా వచ్చింది ఆ ఇంగ్లీషు సినిమా. తెలుపూ నలుపూ. అరవైల్లో తీసిందట. డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో ఎవరూ అడగక మూలపడి ఉన్న డబ్బా. పోస్టరు మీద ఒక గాడిద, దాని పక్కన గొడుగు పట్టుకున్న దొరసాని.

కథ ఇది. ఇంగ్లండులో ఒక మంత్రిగారి టోపీ గాలికి ఎగిరిపోతుంది. టోపీ లేకుండా మంత్రి సభకి పోకూడదు, అది వాళ్ళ ఆచారం. పటాలం కదులుతుంది. టోపీ దాచారన్న అనుమానంతో పక్క పల్లె మీద ఫిరంగులు పేలుస్తారు. చర్చిలో పెద్ద ఫాదరీగారు టోపీ మహిమ గురించి ఉపన్యాసం ఇస్తాడు. చివరికి ఆ టోపీని ఒక గాడిద నమిలి మింగిందని తేలుతుంది. పెద్దపెద్ద లాయర్లు కూర్చుని, పదవి టోపీలో ఉంటుంది, టోపీ గాడిదలో ఉంది, కాబట్టి గాడిదే మంత్రి అని తీర్పు చెబుతారు. గాడిదకి ప్రమాణస్వీకారం చేయిస్తారు.

ఆదివారం మార్నింగ్ షోకి జనం బాగానే వచ్చారు. సగంమంది దొరసాని మోకాళ్ళు చూడటానికి వచ్చారు. ఆట అయింది. గేట్లకి తాళాలు పడ్డాయి. ఇద్దరు పోలీసులు బయట నిలబడ్డారు. పశుపతిరావు మైకు అందుకున్నాడు.

"ప్రేక్షక మహాశయులారా, తమ ఏకాభిప్రాయమును సెలవియ్యుడు."

కుర్చీ క్లాసులోంచి హైస్కూలు ఇంగ్లీషు మాస్టారు దైవాధీనం లేచాడు. "ఏం తీశాడండీ! దొరని దొరే వెక్కిరించుకోవడం అంటే మాటలా? ఆ గుండె మనకేదీ?"

ఆయన పక్క కుర్చీలోంచి తాలూకాఫీసులో హెడ్డు గుమాస్తాగా రిటైరైన భుజంగరావు లేచాడు. "సిగ్గుచేటు! ఏ దేశం వాడైనా మంత్రి మంత్రే. పదవికి మర్యాద ఉండక్కర్లా? నాకు రక్తం ఉడికిపోతోంది."

"కూర్చోవయ్యా, ఉడికితే బయటపెట్టి చల్లార్చుకో!" అన్నారు నేలలోంచి.

"ఫైట్లు లేవు సార్" అన్నాడు ఒకడు.

"పోస్టర్లో ఆవిడ ఒక్కసారే వచ్చింది. అదీ గొడుగు అడ్డం పెట్టుకుని" అన్నాడు ఇంకొకడు. దీనికి మాత్రం చాలామంది చప్పట్లు కొట్టారు.

ఇటుకబట్టీకి గాడిదలు తోలే ఎల్లమంద కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. "నాకైతే ఏడుపొచ్చింది బాబూ. ఆ దొరల గాడిద ఎట్టా నిగనిగలాడతా ఉంది! నా వాటికి తౌడు కూడా పెట్టలేకపోతన్నా."

టైలరు మస్తాన్‌వలి లేవలేకపోయాడు. బెంచీ మీద పడి నవ్వుతున్నాడు. ఫాదరీగారు గాడిద చెవిలో ప్రార్థన చదివినప్పుడు మొదలెట్టిన నవ్వు, ఇంకా ఆగలేదు.

పశుపతిరావు లెక్కచూసుకుని తల పంకించాడు. "అభిప్రాయములు బహుళముగా ఉన్నవి. చిత్రమును సరిగా వీక్షింపలేదని దీనివలన స్పష్టమగుచున్నది. పునఃప్రదర్శన గావింపుడు."

ఆపరేటరు మళ్ళీ మొదటి రీలు ఎక్కించాడు.

రెండో ఆట అయ్యేసరికి జనానికి ఆకలి. గేటు కటకటాల్లోంచి క్యాంటీను మంగతాయారు బజ్జీలు అందించడం మొదలెట్టింది. హాలులో ఉన్న ప్రేక్షకుడి పోషణ హాలుదే అని ఉత్తర్వులో ఉందని పశుపతిరావు సెలవిచ్చాడు. అంటే బజ్జీలు కోటయ్య ఖాతాలో.

"కోటయ్యన్నా, ఇంకో ఆట వేయించవా?" అంది మంగతాయారు మూకుడులోంచి తలెత్తకుండా. "మా ఆయన పోయినాక నాకింత గిరాకీ ఎప్పుడూ లేదు."

"నీ గిరాకీ తగలెయ్య! నా హాలు పోతుందే."

"పోదులే. తాళం వేసిన హాలు ఎక్కడికి పోద్ది?"

మూడో ఆటకి ఒక విశేషం జరిగింది. మొదటిసారి నవ్విన చోట్ల జనం నవ్వలేదు. ఎల్లమంద ఏడవలేదు. భుజంగరావుకి రక్తం ఉడకలేదు, ఆయన నిద్రపోయాడు. పశుపతిరావు తెర పక్కన నిలబడి జనం మొహాలే చూస్తున్నాడు. ఆయన మొహం మెల్లగా వికసించింది.

"చూచితిరా కోటయ్యగారూ? నవ్వు తగ్గుచున్నది. అభిప్రాయము స్థిరపడుచున్నది."

ఒక్క మస్తాన్‌వలే స్థిరపడలేదు. ఫాదరీగారు గాడిద చెవి దగ్గరికి వంగగానే వాడి భుజాలు ఎగిరిపడుతున్నాయి. ఇంటర్వెల్లో కోటయ్య వాణ్ణి గోడవారకి లాక్కెళ్ళాడు.

"ఒరే వలీ, నీకు దణ్ణం పెడతా. ఊరంతా ఊరుకుంది. నువ్వొక్కడివి నవ్వితే ఏకాభిప్రాయం చెడిపోద్దిరా. లైసెన్సు రాదు. హాలు వాడు లాక్కుంటాడు. మా అమ్మ పిడకలు చేసి కొన్న స్థలంరా."

మస్తాన్‌వలి మొహం చిన్నబోయింది. "నేను కావాలని నవ్వుతున్నానా అన్నా? వద్దనుకున్నకొద్దీ వస్తాంది. ఈసారి టేపు నోట్లో కుక్కుకుంటాలే." అని మెళ్ళో ఉన్న కొలతల టేపు చుట్టచుట్టి బుగ్గన పెట్టుకున్నాడు.

సాయంత్రానికి దైవాధీనం మాస్టారు జనాన్నంతా కూడేసి రాజీ కుదిర్చాడు. ఎవరికేమనిపించినా సరే, పైకి 'బాగుంది' అందాం, ఇళ్ళకి పోదాం అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. ముక్తకంఠంతో అన్నారు కూడా. పశుపతిరావు చిరునవ్వు నవ్వాడు.

"సంతోషము. అయితే నేడు ఆదివారము. సెలవు దినమున వెలిబుచ్చిన అభిప్రాయము అభిప్రాయముగా పరిగణింపబడదు. అభ్యాసముగా మాత్రమే పరిగణింపబడును. రేపు ఉదయము పది గంటలకు కలుసుకొందము." అని జీపెక్కి వెళ్ళిపోయాడు. తాళాలు మాత్రం వెళ్ళలేదు. జనం బెంచీల మీదా, నేల మీదా పడుకున్నారు. కుర్చీ క్లాసువాళ్ళు కూర్చునే కునికారు. వాళ్ళ మర్యాద వాళ్ళది.

సోమవారం పదిగంటలకి పశుపతిరావు కొత్త చొక్కాతో దిగాడు. జనం అడక్కముందే "బాగుంది!" అని అరిచారు. కోటయ్య గేటు తాళం వైపు చెయ్యి చాచాడు.

"ఆగుడు" అన్నాడు పశుపతిరావు. రాత్రంతా ఆలోచించాడట. "ఏది బాగున్నది? గాడిద మంత్రి యగుట బాగున్నదా?"

కోటయ్య చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఒక ఊరు ఊరంతయు ఏకకంఠముతో, గాడిద మంత్రి యగుట బాగున్నదని ధ్రువీకరించినచో, దానిని నేనెట్లు పైకి పంపగలను? పైనున్న వారెవరు?"

పైనున్నవాళ్ళెవరో అందరికీ తెలుసు. అందరూ మొహాలు కిందికి దించుకున్నారు.

"అయితే బాగాలేదండీ" అన్నాడు భుజంగరావు ఉత్సాహంగా. "నేను మొదట్నించీ అదే మొత్తుకుంటున్నా."

"బాగాలేదు!" అన్నారు అంతా.

పశుపతిరావు పెదవి విరిచాడు. "మిత్రదేశపు చిత్రము. ఒక ఊరు ఏకగ్రీవముగా తిరస్కరించినచో విదేశాంగ సంబంధములు ఏమగును? మీకేమి, బజ్జీలు తిని ఇంటికి పోవుదురు. సంజాయిషీ చెప్పవలసినది నేను."

"మాకు అసలు ఏ అభిప్రాయం లేదు సార్, వదిలేయండి" అన్నాడు నేలలోంచి ఫైట్లు లేవన్న మనిషి.

"అభిప్రాయము లేనిచో వినోదము పొందలేదని అర్థము. పొందని వినోదముపై వసూలు చేసిన వినోదపు పన్ను వాపసు ఇయ్యవలసివచ్చును. అట్టి సంప్రదాయము లేదు."

ఇక ఏముంది? బాగుందన్నా చావే, బాగాలేదన్నా చావే, ఊరుకున్నా చావే. ఆడవాళ్ళు గేటు బయటికొచ్చి మొగుళ్ళ పేర్లు పెట్టి పిలుస్తున్నారు. ఎల్లమంద గాడిదలు యజమాని కోసం వెతుక్కుంటూ హాలు దాకా వచ్చేశాయి. కోటయ్య వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు. ఈ వారం దాటితే నెలాఖరు. నెలాఖరు దాటితే హాలు లేదు.

భుజంగరావే దారి చూపించాడు. ముప్పై ఏళ్ళు తాలూకాఫీసులో చేసిన మనిషి. కళ్ళజోడు తుడుచుకుని, దైవదర్శనం అయినవాడిలా మెల్లగా లేచి, "మా అభిప్రాయం పరిశీలనలో ఉంది" అన్నాడు.

పశుపతిరావు మైకు దించాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయని దగ్గరున్నవాళ్ళు చెబుతారు.

"మరియొకసారి సెలవియ్యుడు."

"పరిశీలనలో ఉంది."

"అద్భుతము! అవును అనలేదు. కాదు అనలేదు. లేదు అని కూడా అనలేదు. ఇదియే ప్రజల గళమునుండి వెలువడవలసిన అభిప్రాయము. కానీ నియమము ప్రకారము అభిప్రాయము చిత్రదర్శనానంతరము వెలువడవలెను. కడపటి ప్రదర్శన యొకటి గావింపుడు. కోటయ్యగారూ, హాలు పక్షమున సాక్షిగా మీరునూ కూర్చొనుడు."

కోటయ్య ఇన్ని ఆటల్లో సినిమా చూడలేదు. గేటు దగ్గర ఒకసారి, మిషను గదిలో ఒకసారి, మస్తాన్‌వలి దగ్గర ఒకసారి, అలా తిరగడంతోనే సరిపోయింది. ఇప్పుడు మొదటి వరసలో కూర్చుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఇంగ్లీషు ముక్క రాకపోయినా ఏం జరుగుతోందో తెలుస్తూనే ఉంది. కోటు వేసుకున్నవాడు ఏదో అంటాడు, ఇంకా పొడుగు కోటు వేసుకున్నవాడు దానికి వంత పాడతాడు, మధ్యలో పల్లె తగలబడుతుంది. వెనక హాలంతా రాయిలా కూర్చుంది. మస్తాన్‌వలి నోట్లో టేపుంది.

చివరి రీలుకొచ్చింది. గాడిదని పట్టుబట్ట పరిచిన కుర్చీ దగ్గర నిలబెట్టారు. ఫాదరీలు, జనరల్సు, లాయర్లు అందరూ వంగివంగి దణ్ణాలు పెడుతున్నారు. పశుపతిరావు వాచీ చూసుకున్నాడు. ఒంటిగంటకి భోజన విరామం. విరామంలో చెప్పిన అభిప్రాయం కూడా చెల్లదు. రీలు పూర్తయ్యేదాకా ఆగలేక ఆయన తెరముందుకొచ్చి, తెరకి వీపు పెట్టి, మైకు నోటిదగ్గర పెట్టుకున్నాడు. తెరమీద గాడిద మొహం పెద్దదయింది. సరిగ్గా పశుపతిరావు తలమీదుగా వచ్చి నిలిచింది, రెండు చెవులూ ఆయనకే మొలిచినట్టు.

"ప్రేక్షక మహాశయులారా," అన్నాడు పశుపతిరావు గంభీరంగా, "తమ ఏకాభిప్రాయము?"

తెరమీద గాడిద తల పైకెత్తి ఓండ్ర పెట్టింది.

గేటు బయట ఉన్న ఎల్లమంద గాడిదలు అందుకున్నాయి.

"పరిశీలనలో ఉంది" అంది హాలంతా ఒక్క గొంతుతో. ఒక్క పెదవి వంకరపోలేదు. మస్తాన్‌వలి కళ్ళు మూసుకుని, టేపు పంటికింద పెట్టి, తల దించుకుని ఉన్నాడు.

నవ్వింది కోటయ్య.

మొదట ముక్కులోంచి వచ్చింది. ఆపబోయాడు. పొట్టలోంచి తన్నుకొచ్చింది. రెండు చేతుల్తో నోరు మూసుకున్నాడు, వేళ్ళ సందుల్లోంచి వచ్చింది. తల్లి పోయినప్పట్నించీ, నగలు కుదువపెట్టినప్పట్నించీ, ఎక్కడ దాక్కుందో ఏమో అంత నవ్వు, అంతా ఒక్కసారే వచ్చింది. లైట్లు వెలిగాక కూడా నవ్వుతూనే ఉన్నాడు.

"ఎందులకు నవ్వితిరి?" అన్నాడు పశుపతిరావు.

"తెలీదు సార్. వచ్చింది."

"ఎవరిని చూచి? గాడిదను చూచియా, నన్ను చూచియా?"

దైవాధీనం మాస్టారు వెనకనించి "గాడిదని అను, గాడిదని అను" అని సైగలు చేస్తున్నాడు. కోటయ్య కళ్ళు తుడుచుకుని ఒక్క క్షణం ఆలోచించాడు.

"ఇద్దర్నీ కలిపి సార్" అన్నాడు.

పశుపతిరావుకి కోపం రాలేదు. కోపం చిన్న ఉద్యోగులకి. ఆయన తీర్పు చెప్పాడు. ప్రేక్షకుల అభిప్రాయము ఏకము, నిర్దుష్టము. ఊరికి ధ్రువపత్రము మంజూరు చేయడమైనది. కానీ హాలుకి వేరొక అభిప్రాయము గలదని హాలు పక్షపు సాక్షి ముఖతః రుజువైనది. వేరొక అభిప్రాయము గల హాలుకి లైసెన్సు ఇయ్య వీలుపడదు.

తాళాలు తీశారు. జనం పరుగున ఇళ్ళకి పోయి, స్నానాలు చేసి, సాయంత్రం పూలదండ పట్టుకుని జీపు దగ్గరికొచ్చారు. రాష్ట్రంలో మొట్టమొదటి ఏకాభిప్రాయ పట్టణం అని బస్టాండులో బోర్డు కట్టారు.

కోటయ్య అప్పీలు పెట్టుకుంటానన్నాడు. సాక్షులు కావాలన్నారు. దైవాధీనం మాస్టారి ఇంటికెళ్ళాడు. "రెండు రోజులు మీ కళ్ళతో చూశారు. నాకు జరిగింది అన్యాయమా కాదా మాస్టారూ, మీరే చెప్పండి."

మాస్టారు వీధి అటూ ఇటూ చూశాడు. "పరిశీలనలో ఉంది కోటయ్యా" అన్నాడు.

భుజంగరావూ అదే అన్నాడు. ఎల్లమంద కూడా అదే అన్నాడు, మండలి వారు గాడిదలకి తౌడు ఇప్పిస్తామన్నారట. మస్తాన్‌వలి కుట్టుమిషను ఆపాడు. కోటయ్య మొహంలోకి చూసి, మళ్ళీ మిషను తొక్కుకున్నాడు. మంగతాయారు ఒక్కతే, "అన్యాయం కాక ఏంటన్నా? నేనొచ్చి చెబుతా" అంది. కానీ ఆమె గేటు బయట ఉంది కాబట్టి ప్రేక్షకురాలు కాదు, ఆమె మాట చెల్లదన్నారు.

నెలాఖరుకి హాలు మండలి స్వాధీనమైంది. రాజరత్నం అన్న పేరు చెరిపి ఏకాభిప్రాయ భవనం అని రాశారు. పశుపతిరావు సంచాలకుడయ్యాడు. తూర్పున మునిసిపాలిటీ మురుక్కాలువ, దక్షిణాన బస్టాండు ప్రహరీ, పడమర మంగతాయారు క్యాంటీను గోడ, ఉత్తరాన నడిచే దారి. ఈ నాలుగు హద్దుల మధ్య, రేకుల హాలుతో, మిషనుతో, బెంచీలతో సహా, మద్దాల కోటయ్యకి పోయింది అక్షరాలా ముప్పై ఏడున్నర సెంట్లు.